వార్త విన్నవారు, వార్త చదివినవారు : తెలుగునాట ప్రసారసాధనములు - ప్రజారాజకీయము

తెలుగు పత్రికల చరిత్రను వ్రాసినవారు సామాన్యముగా రెండు లెక్కలను ఆధారముగా గ్రహించిరి. పత్రిక ఏ సంవత్సరమున పుట్టి ఏ సంవత్సరమున ఆగినది యనుట ఒకటి. దాని ప్రతులు ఎన్ని అచ్చయినవి యనుట రెండవది. ఈ రెండును అవసరమైనవే. కాని వీనివలన తేలని విషయమొకటి కలదు. నూటికి పదిమందికైనను చదువు రాని కాలమున పత్రికలు ఆంధ్రదేశమునందలి రాజకీయచైతన్యమునకు మూలమైనవని మనమందరము చెప్పుచునే యున్నాము. చదువనేరనివారిని పత్రిక ఎట్లు మేల్కొలిపినది? వేలకొలది ప్రతులు లక్షలకొలది జనులను ఎట్లు కదిలించినవి?

మాకు తోచిన సమాధానము సులభమైనది. తెలుగు గ్రామీణుడు పత్రికను చదువలేదు, వినెను. ఒకడు చదువగా పదిమంది వినిరి. అందుచేత వార్తను చదివి వినిపించినవాడెవడు, విన్నవారు ఎచ్చట కూర్చుండిరి, విన్న పిదప సందేహము అడుగుటకు వారికి వీలుండెనా అను ప్రశ్నలను క్రొత్తగా వచ్చిన ప్రతి సాధనమునకును వేసి చూడవలెను. అప్పుడు ప్రజలకు రాజకీయముతో గల సంబంధము ఎట్లు మారుచు వచ్చినదో ప్రతుల సంఖ్యకంటె స్పష్టముగా తెలియగలదు. ఈ వ్యాసమున మేము చేయబూనినది ఇంతియే.

1874లో కందుకూరి వీరేశలింగము 'వివేకవర్ధని'ని ప్రారంభించిన నాటికి పత్రికాపాఠకులన్న ఉద్యోగులు, వకీళ్లు, ఉపాధ్యాయులు. న్యాయస్థానములలోని లంచగొండితనమును ఆయన బయటపెట్టగా పట్టణము కలవరపడినది. అది పట్టణపు కలవరమే. పొలములోని రైతు ఆ కలహమున పాత్రధారి కాడు.

ముప్పదిమూడేండ్ల పిదప, 1907 ఏప్రిలులో, బిపిన్ చంద్రపాల్ ఆంధ్రతీరమున పర్యటించెను. ఆయన ఉపన్యసించినది ఆంగ్లమున. రాజమహేంద్రవరమున ఆ ఉపన్యాసమును తెలుగున చెప్పినవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహము. దృష్టిమాంద్యముతో బాధపడుచుండిన ఆ కవి విన్నదానిని విన్నట్లే జనులకు అందించుటయేకాక, ఆ సందర్భమున ఒక పద్యమును కూడ చెప్పెను. ఉపన్యాసము పత్రికలకెక్కినది, పద్యము నోళ్లకెక్కినది. పాల్ ఏమి చెప్పెనో నేడు చెప్పగలవారు అరుదు. ఆ పద్యము రానివారు మన విద్యార్థులలో మొన్నమొన్నటివరకు అరుదు. మరుసటి సంవత్సరమే బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహనేరముపై కారాగారమునకు పంపబడెను. అచ్చయిన మాటను ప్రభుత్వము పట్టుకొనగలదు. చెప్పబడిన పద్యమును పట్టుకొనుట అంత సులభము కాదు. ఈ భేదమును నాటి కార్యకర్తలు త్వరలోనే గ్రహించిరి.

1902లో కొండ వెంకటప్పయ్య, దాసు నారాయణరావుల పూనికతో బందరున వెలసిన 'కృష్ణాపత్రిక' 1907నుండి ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వమున నడచినది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన 'ఆంధ్రపత్రిక' 1914 ఏప్రిలు 1వ తేదీన మదరాసునుండి దినపత్రికయైనది. అమృతాంజనముపై వచ్చిన లాభము ఆ పత్రికను పోషించినదని అందరెరుగుదురు. అంతగా గమనింపబడని విషయము మరియొకటి కలదు. ఆ దినపత్రిక పుట్టిన పదవనాడే, అనగా ఏప్రిలు 10వ తేదీన, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణము. ఈ రెండు ఘటనలను మన చరిత్రకారులు వేరువేరు అధ్యాయములలో వ్రాయుచున్నారు. అవి యొకే అధ్యాయమునకు చెందినవని మా అభిప్రాయము. దినపత్రికకు కావలసినది ప్రతిదినము దానిని విప్పి చదువు స్థలము. గ్రామ గ్రంథాలయమునకు కావలసినది ప్రతిదినము జనులను రప్పించు వస్తువు. ఒకదానికొకటి అండయైనవి. ఆ ఆగస్టులోనే ఐరోపాయుద్ధము ఆరంభమగుటతో వార్తలకై ఎదురుచూచుట పల్లెలకు కూడ అలవాటైనది.

గ్రంథాలయమన్న నేటివారి మనస్సునకు పుస్తకముల బీరువాలు, మౌనముగా చదువుకొనువారు స్ఫురింతురు. నాటి గ్రామగ్రంథాలయము అట్టిది కాదు. ఒకరి ఇంటి అరుగో, రామమందిరపు వసారాయో, సత్రపు గదియో దానికి చాలును. పగటి పని ముగిసిన పిదప లాంతరు వెలుగున ఒకడు పత్రికను పైకి చదువును. ఆనాటి కార్యకర్తల స్వీయచరిత్రలలోను, గ్రంథాలయోద్యమ వృత్తాంతములలోను ఇట్టి చదువుట మాటిమాటికి కానవచ్చును. తపాలాలో ఆలస్యముగా చేరిన పత్రికయైనను చదువుటకు పాతది కాదు.

ఇచ్చట చదువరి చేయు పనిని గమనింపవలెను. పత్రికాభాష ఆ రోజులలో గ్రాంథికమునకు దగ్గర. విన్నవారి భాష ఆ ఊరి భాష. కావున అతడు చదువుటయేకాక వివరింపవలసి యుండెను. ఒక వాక్యము చదివి ఆగి, దానిని తన మాటలలో మరల చెప్పవలెను. (ఈ వ్యాసమును ఒక ఊరి అరుగుపై చదివినచో వినిపించువాడు ఎన్నిమార్లు ఆగవలసి యుండునో చదువరులే ఊహింపవచ్చును.) వివరించునపుడు తన ఇష్టానిష్టములను జోడించును. ఊరి కరణమునకు గిట్టని వార్తను కరణపు బంధువు చదివినపుడు ఒక విధముగను, బడిపంతులు చదివినపుడు మరియొక విధముగను వినబడి యుండును. విన్నవారు అడుగుదురు, తగవులాడుదురు. రాజకీయము వారికి వార్తగా కాక సంభాషణగా అందినది. అది దోషరహితమని మేమనుట లేదు. ఆ అరుగుపై అందరికిని చోటు లేదు. స్త్రీలు ఆ చదువును తలుపు చాటునుండి విన్నారేమో కాని ఎదుట కూర్చుండుట అరుదు. అంటరానివారని ఊరు వెలిబెట్టినవారికి ఆ దూరము మరింత పెద్దది. పత్రికలు దేశమునంతటిని మేల్కొలిపెననువారు ఈ దూరములను కొలువవలసి యున్నది.

నైజాము రాష్ట్రమున పరిస్థితి మరింత క్లిష్టము. అచ్చట రాజభాష ఉర్దూ. సభ జరుపవలెనన్న ముందు అనుమతి కావలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. పేరునకు అవి పుస్తకశాలలు. తెలుగువారు తెలుగున మాటాడుకొనుటకు అనుమతి అక్కరలేని స్థలములని వానిని చెప్పుట మేలు. 1922లో ఇనుగుర్తినుండి 'తెనుగు', నల్లగొండనుండి 'నీలగిరి' పత్రికలు, 1926లో సురవరము ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' వెలువడినవి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు ఆ సంపాదకుడే అధ్యక్షుడగుట యాదృచ్ఛికము కాదు. పత్రికయు సభయు అచ్చట ఒకే పనిని రెండు చేతులతో చేసినవి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకములను తానే మోసికొనుచు ఊరూర తిరిగి అమ్మెను. సాధనము యంత్రమే కానక్కరలేదు. నడచు మనుష్యుడు కూడ సాధనమే.

అచ్చు వెళ్లలేని చోటికి పాట వెళ్లినది. గరిమెళ్ల సత్యనారాయణ తన పాటకుగాను 1922లో చెరసాల పాలయ్యెను. పాట మాత్రము వెలుపలనే తిరిగినది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినది. షేక్ నాజరు చేతిలో ఆ కళ వర్తమానరాజకీయమును చెప్పనేర్చినది. బుర్రకథలో వంతపాటకాండ్రలో నొకడు రాజకీయము చెప్పుటయు, మరియొకడు హాస్యము చెప్పుటయు వాడుక. ప్రేక్షకుని సందేహమును వేదికపైననే అడుగు పాత్ర ఆ వంతగాడు. అరుగుపై విన్నవాడు వేసిన ప్రశ్నకు కళారూపము ఇట్లు చోటిచ్చినది.

ఇక మైకు. 1921లో బెజవాడ అఖిలభారత కాంగ్రెసు సంఘసమావేశమునకు గాంధీమహాత్ముడు వచ్చినపుడు అశేషజనము కూడినది. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరువదిలక్షల రాట్నములు అను తీర్మానము అచ్చటిదే. ధ్వనివర్ధకము లేని ఆ రోజున వచ్చినవారిలో ఎక్కువమంది మాట వినుటకు వచ్చినవారు కారు, వినుట సాధ్యమును కాదు. దర్శనమునకు వచ్చిరి. వారికి ఉపన్యాసము తరువాత పత్రిక ద్వారా, చదివి వినిపించినవాని ద్వారా అందినది. మైకు వచ్చిన పిదప నాయకుని కంఠమే నేరుగా పదివేలమందికి వినబడసాగెను. మధ్యనున్న అనువాదకుడును వివరణకర్తయు తప్పుకొనిరి. మైకు ఒకవైపే పలుకును. సభలో లేచి ప్రశ్నించినవాని గొంతు దానికి సరితూగదు.

రేడియో ఈ మార్పును ఇంటిలోనికి తెచ్చినది. 1938లో మదరాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును ప్రారంభమైనవి. హైదరాబాదున నిజాము ప్రభుత్వమునకు సొంత ప్రసారకేంద్రము కలదు. 1948 సెప్టెంబరు 17న నిజాము యుద్ధవిరమణను ప్రకటించినది ఆ రేడియోద్వారానే. ఏడు తరముల పాలనకు తెర దించిన ఆ మాటను ప్రజలు ఫర్మానాగా చదువలేదు, దండోరాగా వినలేదు. పాలకుని ప్రకటనగా వాయుతరంగములపై వినిరి. స్వాతంత్ర్యానంతరము పంచాయతీకొక రేడియో చొప్పున ఏర్పడగా అరుగు మీది గుంపు మరల కూడినది. కాని చదువరి లేడు. వార్తాహరుడు ఢిల్లీలో నుండి చదువును. సందేహమునకు సమాధానము చెప్పువాడు ఊరిలో లేడు. అదియునుగాక ఆ పెట్టె ప్రభుత్వపు గొంతు. ప్రతిపక్షములకు ఎన్నికలవేళ ఆకాశవాణిలో మాటాడు అవకాశము 1977లో గాని కలుగలేదు. అయినను రేడియో భాషకొక మేలు చేసినది. వినుటకు వ్రాసిన తెలుగు సరళము కాక తప్పదు. 'ఆంధ్రప్రభ'లోను 1960నుండి 'ఆంధ్రజ్యోతి'లోను నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయములు అదే త్రోవన నడచినవి. చదివి వివరించువాని అవసరము క్రమముగా తగ్గినది. 1961 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు నూటికి ఇరువదియొక్కమంది మాత్రమేయని మరువరాదు.

1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున 'ఈనాడు' ప్రారంభమగుటతో అచ్చు పాఠకునికి మరింత చేరువైనది. మదరాసులో అచ్చయిన పత్రిక రైలులో వచ్చుటకును, తెల్లవారకమునుపే సమీపనగరమున అచ్చయిన పత్రిక గుమ్మమునకు చేరుటకును భేదము కలదు. ఉదయమే చేరిన పత్రికను ఎవరికి వారు చదువుకొనవచ్చును. సాయంకాలపు గుంపుకొరకు ఆగనక్కరలేదు. 1989నుండి ఆ పత్రిక జిల్లాకొక ప్రత్యేక అనుబంధమును చేర్చినది. మన ఊరి చెరువుగట్టు, మన మండలాధ్యక్షుని నిర్వాకము అచ్చున కనబడసాగినవి. పల్లె తననుతాను పత్రికలో చూచుకొనుట అదియే మొదలు. పొరుగు జిల్లాలో జరిగినది మాత్రము కనుమరుగైనది. నెల్లూరివారు చదివినది ఆదిలాబాదువారికి తెలియని స్థితి అచ్చులోనే ఏర్పడినది. దీనిని గూర్చి మన విమర్శకులు ఇంకను తగినంత ఆలోచింపలేదు.

1982 మార్చి 29న నందమూరి తారకరామారావు తెలుగుదేశము పార్టీని స్థాపించి, తొమ్మిదిమాసములలో, 294 స్థానములు గల శాసనసభలో రెండువందలకు పైగా గెలిచిన వృత్తాంతము సుప్రసిద్ధము. చైతన్యరథమని పేరు పెట్టిన షెవర్లే వాహనమును వేదికగా మార్చి ఆయన ఊరూర తిరిగెను. ఇది కేవలము చలనచిత్రమహిమ యనువారు కలరు. మేము సగమే అంగీకరింతుము. ముప్పదియేండ్లుగా రాముడుగను, కృష్ణుడుగను విన్న కంఠము కావున జనులకు ఆ గొంతు క్రొత్తది కాదు. పౌరాణికచిత్రముల సమాసభూయిష్ఠమైన తెలుగు వారికి పరిచితమే. కాని ఆ గొంతు తెరపైనుండి దిగి ఊరి కూడలిలో, రాత్రి ఏ జామునైనను, ఎదుటికి వచ్చుట నాటి విశేషము. రేడియోయు దూరదర్శనమును కేంద్రప్రభుత్వము చేతిలోనుండగా ఆయనకు మైకు, రహదారి, పత్రిక చాలినవి. 1984 ఆగస్టులో పదవినుండి తొలగింపబడి సెప్టెంబరులో మరల అధిష్ఠించు నాటికి ఆ జనము ప్రేక్షకులుగా ఉండక వీథులలో పాత్రధారులైరి.

ఈ చరిత్రలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఒక నాయకుని జైత్రయాత్ర కాదు, నెల్లూరుజిల్లాలోని రాత్రిబడి. 1991లో ఆ జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతా ఉద్యమము నడచినది. ఆ సంవత్సరపు లెక్కలలో రాష్ట్రస్త్రీలలో అక్షరాస్యులు నూటికి ముప్పదిముగ్గురు మాత్రమే. అక్షరములు దిద్దుకొనుటకు వచ్చిన కూలి స్త్రీల వాచకములలో సీతమ్మ కథ యొకటి. ఆడవారు ఏకమైన ఏమి జరుగునో చెప్పు పాఠము మరియొకటి. ఈ రెండవ పాఠమునకు మూలము దూబగుంటలో స్త్రీలు సారాయి దుకాణమును మూయించిన నిజవృత్తాంతము. జరిగినది పాఠమైనది. పాఠమును ఇతరగ్రామముల స్త్రీలు కూడి చదివిరి; చదువలేనివారు వినిరి. "ఆ ఊరివారు చేసినపుడు మనమేల చేయరాదు" అను తలంపు ఆ రాత్రిబళ్లలో పుట్టినది. 1992లో సారాయి వేలముపాటలు వారి వలన ఆగిపోయినవి. పాఠము ముద్రించినది ప్రభుత్వమే, సారాయి ఆదాయము తినుచుండినదియు ప్రభుత్వమే. ఈ వింత చరిత్రలో మరల మరల దొరకదు.

'ఈనాడు' దినదినమును 'సారాపై సమరం' అను పేర ఒక పుటనే కేటాయించినది. ఆ పత్రిక లేకున్న ఉద్యమము జిల్లా దాటెడిది కాదని కొందరు వ్రాసిరి. కావచ్చును. కాని క్రమమును తారుమారు చేయరాదు. ముందు రాత్రిబడి, పిదప దుకాణము, ఆ పిదప పత్రిక. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతట సారాయి నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును అమలునకు వచ్చినవి. ఆ రెండవది 1997 దాటి నిలువలేదు. నిషేధము నిలువకపోవుట వేరు విషయము. 1914లో తలుపు చాటున నిలిచినవారు 1992లో తామే కూడి, తామే చదివి, తామే తగవులాడి నిర్ణయించిరి. పత్రికాసంపాదకులు, నాయకులు ఎన్నడును ఎరుగని సభ అది.

దూరదర్శనము మొదట అట్టి గుంపుతోనే మనదేశమున ప్రవేశించినది. 1975-76లో ఉపగ్రహముద్వారా ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రసారము జరిగినది. ఊరికొక పెట్టె, చూచుటకు ఊరంతయు. అవి అత్యయికస్థితి దినములు. పెట్టెలో పంటలు, ఆరోగ్యము, ప్రభుత్వము కనబడుచుండ, చెరసాలలోని ప్రతిపక్షనాయకులు కనబడలేదు. 1995నుండి ప్రైవేటు తెలుగు వాహినులును, 2004నుండి ఎడతెగని వార్తావాహినులును వచ్చిన పిదప రాజకీయము ఇంటింటి నిత్యకృత్యమైనది. 2009 నవంబరు 29నుండి డిసెంబరు 9 రాత్రి ప్రకటన వరకు జరిగిన తెలంగాణ నిరాహారదీక్షాదినములను గడియగడియకు చూచినవారు దానిని మరువలేరు. అదే కాలమున ధూంధాం వేదికలపై పాటయు డప్పును మారుమ్రోగినవి. అనగా క్రొత్తది పాతదానిని త్రోసివేయలేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ తెలంగాణ బిల్లును ఆమోదించు సమయమున ప్రత్యక్షప్రసారము నిలిచిపోయినది. సాంకేతికలోపమని అధికారులు చెప్పిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము పార్లమెంటున ఎట్లు అంగీకరింపబడెనో చూడలేదని ఎవరును వగచి యుండలేదు. అరువదియేండ్లలో చూచుట హక్కుగా భావింపబడినందున చూడలేకపోవుట అన్యాయముగా తోచినది.

చేతిఫోను వచ్చిన పిదప ఏమైనది? ప్రతివాడును చదువరి, ప్రతివాడును సంపాదకుడు అని పొగడుట వాడుకయైనది. చదువురానివాడు తన మాటను కంఠముతోనే పంపగలడు. ఇది స్వల్పలాభము కాదు. అయినను మేము మొదట వేసిన ప్రశ్న నిలిచియే యున్నది: వినిపించినవాడెవడు? అరుగుపై చదివినవాని పక్షపాతము ఊరికి తెలిసినది. కరణపు బంధువు చదివెనని తెలిసియే వినిరి. చేతులు మారి వచ్చిన సందేశమునకు ఆ గుర్తు లేదు. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు వచ్చిరను వదంతి ఫోనులద్వారా తెలంగాణ పల్లెలలో వ్యాపించి కొందరి ప్రాణములు తీసినది. ఆ జూలైలోనే వాట్సాపు సంస్థ మనదేశమున ఒక సందేశమును ఒకమారు ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టుబాటు పెట్టినది. జోగులాంబ గద్వాలజిల్లా పోలీసువారు మరియొక ఉపాయము చేసిరి. పోలీసులను ఊరూరికి పంపి, గ్రామస్థులను కూర్చుండబెట్టి, డప్పు వాయించి, పాట కట్టి, ఆ సందేశములు అబద్ధములని చెప్పించిరి. జనులు అడిగిరి, వచ్చినవారు సమాధానము చెప్పిరి.

పరిశోధకవిద్యార్థులకు ఒక మాట. పత్రికల పాతసంచికలు గ్రంథాలయములలో కొంతవరకు భద్రపడినవి. వానిని చదివి వినిపించినవారి వృత్తాంతము ఎచ్చటను భద్రపడలేదు. గ్రామగ్రంథాలయముల హాజరుపట్టికలు, చందా పుస్తకములు, సభల తీర్మానపుస్తకములు చెదలపాలగుచున్నవి. పంచాయతీ రేడియో ఎదుట కూర్చున్నవారు ఇంకను కొందరు మన మధ్యనున్నారు. నెల్లూరు రాత్రిబళ్లలో ఆ పాఠమును పైకి చదివిన స్త్రీలు పెక్కురు వృద్ధులైరి. ఒక్కొక్క జిల్లాకు ఒకరిద్దరు విద్యార్థులు పూనుకొని, ఏ ఊరిలో ఎవరు చదివిరి, ఎవరు వినిరి, ఎవరిని కూర్చుండనీయలేదు అను మూడు విషయములను వారినడిగి వ్రాసికొన్నచో, ప్రతుల సంఖ్యతో తేలని లెక్క కొంతవరకైనను తేలును.